టర్బో ఇంజనుకు చిక్కని ఆయిలే రక్షయా?

డబ్లిన్ నగరపు పొలిమేరలయందలి లూకన్, బ్లాంచర్డ్స్‌టౌన్, స్వార్డ్స్ మొదలగు ప్రదేశములలో కాపురముండు తెలుగు కుటుంబములకు కారు విలాసవస్తువు కాదు. పిల్లల బడికి, ఆస్పత్రిలో రాత్రిడ్యూటీకి, వారాంతపు సరకులకు అది లేక దినము గడవదు. వారు కొను కార్లలో పెక్కు సెకండ్‌హ్యాండువి. వానిలో పెక్కింటికి టర్బో కలదు. ఆ కారుకు ఆయిలు మార్పించు తరుణము వచ్చినప్పుడు, ముందుగా ఐర్లండు చేరి కుదురుకొన్నవారు క్రొత్తగా వచ్చినవారికి చెప్పు హితవు ప్రాయికముగా ఒక్కటే: "తమ్ముడూ, టర్బో అంటే నిప్పు. పల్చటి ఆయిల్ పోయిస్తే మాడిపోతుంది. చిక్కటిది పోయించు. కంపెనీవాడు పల్చటిది వాడమనేది వాడి మైలేజీ లెక్కల కోసం." ఈ మాట తెలుగువారికి మాత్రమే పరిమితము కాదు, ఐరిషు పల్లెలలోని వృద్ధ మెకానిక్కులలోను దీనిని నమ్మువారు కలరు. ఇంతమంది నమ్మిన ఈ అభిప్రాయము టర్బో విషయమున తలక్రిందులైనదని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ నమ్మకమునకు మూలము లేకపోలేదు. మన తండ్రుల తరము నడపిన అంబాసిడరునకు, ప్రీమియర్ పద్మినికి, పొలములోని ట్రాక్టరునకు చిక్కని ఆయిలే అమరెను. ఆ ఇంజనులలో విడిభాగముల నడుమ సందు ఎక్కువ, వేగము తక్కువ. ఇంజను బోరుకు వచ్చి పొగ కొట్టనారంభించినప్పుడు మెకానిక్కు మఱింత చిక్కనిది పోసి కొన్ని నెలలు గడుపుట పరిపాటి. ఆ యంత్రములకు ఆ అనుభవము సత్యము. ఆ సత్యమును, దానికి పుట్టినిల్లయిన యంత్రమును విడదీసి, నేటి టర్బో ఇంజనులకు, అందును ఐర్లండు వాతావరణమునకు, సార్వకాలిక సూత్రముగా అన్వయించుటయందే దోషమున్నది. ఆయిలు ఎంత చిక్కగా నున్నదను ప్రశ్న రెండవది. ఆ ఇంజనును నిర్మించినవాడు ఏ ప్రమాణమునకు లోబడిన ఆయిలును దానియందు పరీక్షించి ఆమోదించెనను ప్రశ్నయే మొదటిది.

ఐర్లండునందు ఈ చర్చ ఇంటింటికి వచ్చుటకు పన్నుల చరిత్ర కారణము. 2008 జూలై వఱకు అచట మోటారు పన్ను ఇంజను ఘనపరిమాణమును బట్టి విధింపబడెడిది. ఆ నెల మొదలు క్రొత్తగా రిజిస్టరగు కార్లకు పొగగొట్టమునుండి వెలువడు కార్బన్ డయాక్సైడు పరిమాణమును బట్టి విధింపబడసాగెను. ఆ లెక్కలో డీజిలు కారు తేలికగా గట్టెక్కుటచే కొలది సంవత్సరములలోనే అమ్ముడగు క్రొత్త కార్లలో మూడింట రెండువంతులకు పైగా డీజిలువే అయ్యెను; నేటి డీజిలు కారనగా టర్బో కారే. 2015లో ఫోక్స్‌వాగన్ సంస్థ ఉద్గార పరీక్షలలో చేసిన వంచన బయటపడిన పిమ్మట జనము పెట్రోలు వైపు మరలిరి. కాని ఆ పెట్రోలు కార్లలోను ఒక లీటరు, 1.2 లీటర్ల చిన్న ఇంజనునకు టర్బో తగిలించి పెద్ద ఇంజను పని చేయించునవి పెక్కు. కావున ఆ దేశమున సెకండ్‌హ్యాండు కారు కొనువాడు టర్బోను తప్పించుకొనుట కష్టము; దాని ధర్మమును తెలిసికొనుట మేలు.

టర్బో క్రొత్త వస్తువు కాదు. స్విట్జర్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూఖి అను ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పొందెను. పొగగొట్టమున వృథాగా పోవు వాయువుల బలముతో ఒక చక్రమును త్రిప్పి, అదే ఇరుసు రెండవ కొనయందలి చక్రముచే గాలిని ఇంజనులోనికి దట్టించుటయే దాని పని. కొన్ని వందల గ్రాముల బరువు మాత్రమే కల ఆ చక్రముల జంట నిమిషమునకు లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగును. పెట్రోలు ఇంజనులో దాని ఒక కొనను తాకు వాయువుల వేడి 900 డిగ్రీల సెల్సియసును మించును. సాధారణముగా ఆ ఇరుసు బాల్ బేరింగులపై గాక, సన్నని ఆయిలు పొరపై తేలుచు తిరుగును. ఆ పొరయే దానికి ఆధారము. ఆ పొరగుండ ఎడతెగక ప్రవహించు ఆయిలే దాని వేడిని మోసికొనిపోవు వాహకము. ఆయిలు అచట నిలువయుండు వస్తువు కాదు, సాగిపోవు వస్తువు అను ఈ సంగతిని చిక్కదనపు పక్షపాతులు మొదటనే మఱచుచున్నారు.

ఆయిలు పొరను గూర్చిన ఈ శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో ఇరువురు ఐర్లండు ద్వీపమున జన్మించినవారే యగుట గమనింపదగినది. ద్రవముల చిక్కదనమును కొలుచు స్టోక్సు అను ప్రమాణము స్లైగో జిల్లాలోని స్క్రీన్ గ్రామమున 1819లో జన్మించిన జార్జి గేబ్రియల్ స్టోక్సు పేర వెలసినది. నేటికిని ప్రతి ఆయిలు వివరపత్రముపై సెంటీస్టోక్సులుగా నిలిచియున్నది ఆయన పేరే. బెల్‌ఫాస్టులో 1842లో జన్మించిన ఆస్బర్న్ రేనాల్డ్సు, బోషాం టవర్ బేరింగులపై జరిపిన ప్రయోగముల ఫలితములను పరిశీలించి, తిరుగు ఇరుసు తన క్రింద తానే ఆయిలు పొరను నిర్మించుకొని దానిపై ఎట్లు తేలునో 1886లో గణితమున నిరూపించెను. ఆ సిద్ధాంతసారము మన వివాదమును తీర్చుటకు చాలును. ఇరుసు మోయు భారము, అది తిరుగు వేగము, ఆయిలు చిక్కదనము, ఈ మూడును కలిసి పొర మందమును నిర్ణయించును. భారము అధికమై వేగము స్వల్పమైన చోట చిక్కదనము కావలెను. వేగము అత్యధికమై భారము అత్యల్పమైన చోట పలుచని ఆయిలే పొరను నిలుపును. అంతకు మించిన చిక్కదనము ఒరపిడిని పెంచి, ఆ ఒరపిడిచే ఆయిలునే కాచి, మాడుటకు దగ్గఱ చేయును. కారు మొత్తములో వేగము అత్యధికముగా, భారము అత్యల్పముగా నుండు బేరింగు టర్బోదే. చిక్కని ఆయిలు అవసరము తక్కువగా నున్న ఆ స్థలమునే చూపి, చిక్కని ఆయిలు పోయుడని వాదించుట శాస్త్రమును తలక్రిందులుగా చదువుటయే.

"వేడి ప్రదేశమున పలుచని ఆయిలు నిలువదు గదా!" యని మారుప్రశ్న వేయుదురు. బయటి వేడి వేఱు, ఇంజనులోని ఆయిలు వేడి వేఱు. నీటిని సుమారు 90 డిగ్రీల వద్ద నిలుపు థర్మోస్టాటు విజయవాడలో నున్నను వెక్స్‌ఫర్డులో నున్నను అదే పని చేయును. ఇంజను పూర్తిగా వేడెక్కిన పిమ్మట రెండుచోట్లను ఆయిలు వేడి ఇంచుమించు 100 డిగ్రీల ప్రాంతముననే యుండును. బయటి వాతావరణము తన ప్రభావమును తీవ్రముగా చూపునది ఇంజను స్టార్టు చేయు క్షణమున. ఐర్లండులో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 1887 జూన్ నెలలో కిల్కెన్నీలో 33.3 డిగ్రీలు, మన రోహిణీకార్తెలో అది చల్లని దినమనిపించును. అత్యల్పము 1881 జనవరిలో స్లైగో జిల్లా మార్క్రీ వద్ద సున్నకు దిగువ 19.1 డిగ్రీలు, అది పాతకాలపు మాటయని త్రోసివేయుటకు వీలులేకుండ 2010 క్రిస్మస్ దినమున మేయో జిల్లా స్ట్రైడులో సున్నకు దిగువ 17.5 డిగ్రీలు నమోదయ్యెను. అట్టి చలి అరుదు. కాని అయిదాఱు డిగ్రీల తడి ఉదయములు మాత్రము అక్టోబరు మొదలు ఏప్రిల్ వఱకు నిత్యము.

అట్టి ఉదయమున చిక్కని ఆయిలు చలికాలపు నేతివలె గిన్నెనంటి కదలక మొరాయించును. 40 డిగ్రీల వద్దనే 5డబ్ల్యు-30 రకపు ఆయిలు సుమారు 70 సెంటీస్టోక్సులు చూపగా 20డబ్ల్యు-50 రకము సుమారు 160 చూపును. చలి పెరిగినకొలది ఆ అంతరము ఇంకను పెరుగును. అమెరికా ఇంజనీర్ల సంఘము రూపొందించిన జె300 పట్టికలో స్టార్టు తేలికను 5డబ్ల్యు ఆయిలుకు సున్నకు దిగువ 30 డిగ్రీల వద్దను, 20డబ్ల్యు ఆయిలుకు సున్నకు దిగువ 15 డిగ్రీల వద్దను పరీక్షింతురు. చల్లని ఉదయమున అట్లు చిక్కబడిన ఆయిలును పంపు బలవంతముగా త్రోయుటచే ప్రెషరు ముల్లు పైకి లేచును. చూచి యజమాని సంతోషించును. ప్రెషరు వేఱు, ప్రవాహము వేఱు. ప్రెషరు హద్దు మీఱగానే రిలీఫు వాల్వు తెరచుకొని ఆయిలును తిరిగి చాంబరులోనికే వదలును. ఫిల్టరులోని బైపాసు వాల్వు తెరచుకొని వడకట్టని ఆయిలును బేరింగులలోనికి పంపును. సన్నని గొట్టము చివర నున్న టర్బో మాత్రము తన వంతు ఆయిలుకై వేచియుండును. రక్షణకొఱకు పోసిన చిక్కదనము రక్షణను ఆలస్యము చేయుచున్నది.

ఇక 30 అనగా పలుచన, 40 అనగా చిక్కనను స్థూలభేదము సైతము పరీక్షకు నిలువదు. ఆ సంఖ్య 100 డిగ్రీల వద్ద సాధారణ ప్రవాహమున కొలిచినది; వేగముగా తిరుగు బేరింగునడుమ నలుగుచున్నప్పటి స్థితిని తెలుపునది 150 డిగ్రీల వద్ద తీవ్రమైన ఒరపిడిలో కొలుచు హెచ్‌టీహెచ్‌ఎస్ అను కొలత. 5డబ్ల్యు-40 ఆయిలుకు ఆ కొలత కనీసము 3.5 ఉండవలెనని జె300 శాసించును. ఐరోపా కారు నిర్మాతల సంఘమైన ఏసీఈఏ సీ3 తరగతికి, ఫోక్స్‌వాగన్ 504 00, 507 00 ఆమోదములకు చెందిన 5డబ్ల్యు-30 ఆయిలుకును కనీసపు కొలత అదే 3.5. చిక్కదనమును నిజముగా కోరువాడు అది అవసరమగు చోట కోరవలెను. ఆమోదము పొందిన ఆయిలులో అది యున్నది. డబ్బామీది పెద్ద సంఖ్యను చూచి మురియువాడు పొందునది చలి ఉదయపు ఆలస్యము మాత్రమే.

చిక్కదనమును గూర్చిన ఈ తర్కము, దానికంటె ముఖ్యమైన విషయమును మఱుగుపఱచుట మఱింత విచారకరము. ఆయిలులో మూలతైలముతోపాటు శుభ్రపఱచునవి, అరుగుదలను అడ్డునవి, ఆమ్లములను విఱుచునవి అనేక రసాయనములు కలిసియుండును. డీజిలు కార్లలో మసిని పట్టి కాల్చు డీపీఎఫ్ అను జల్లెడ కలదు. మసి కాలిపోవును గాని ఆయిలు రసాయనములనుండి వచ్చిన బూడిద కాలదు, ఆ జల్లెడలోనే పేరుకొనును. కావుననే సీ3 తరగతి ఆయిలులో బూడిద 0.8 శాతమునకు మించరాదని నియమించిరి. ఏ3/బీ4 తరగతిలో అది అంతకు రెట్టింపు వఱకు నుండవచ్చును. చిక్కదనము రెంటికిని ఒక్కటే కావచ్చును, ఒకటి జల్లెడను కాపాడును, వేఱొకటి దానిని మూయును. ఒకప్పుడు ఐర్లండు రోడ్లపై విరివిగా తిరిగిన ఫోక్స్‌వాగన్ 1.9 టీడీఐ పంపు-ఇంజెక్టరు ఇంజనులకు 505 01 ఆమోదము గల ఆయిలు తప్పనిసరి. ఆ ఇంజెక్టర్లను నొక్కు భారము క్యాంషాఫ్టుపై పడుటచే తగిన రసాయనములు లేని ఆయిలులో అది అరిగిపోయెడిది. ఫోర్డు పూర్వపు ఒక లీటరు ఎకోబూస్టు ఇంజనులో టైమింగు బెల్టు ఆయిలులోనే మునిగి తిరుగును. తగని ఆయిలు ఆ బెల్టును తినివేసి, దాని తునకలచే పంపు ముందరి జల్లెడను మూయగలదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజనులలో తక్కువ వేగమున ఎక్కువ బరువు లాగునప్పుడు ఇంధనము స్పార్కుకు ముందే భగ్గుమని పిస్టనును పగులగొట్టు ప్రమాదమునకు ఆయిలులోని కాల్షియము దోహదము చేయునని తేలుటచే, 2018లో ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్‌పీ అను ప్రమాణములు వెలసెను. వీనిలో ఏ ఒక్క ప్రమాదమును చిక్కదనము తప్పింపలేదు.

కంపెనీవాని స్వార్థమును గూర్చిన ఆక్షేపణకు ఇప్పుడు సమాధానము చెప్పవలెను. ఐరోపా సమాఖ్య కార్ల సగటు ఉద్గారమును 2015 నాటికి కిలోమీటరునకు 130 గ్రాములకును, పిదప 95 గ్రాములకును తగ్గింపవలెనని శాసించినది; పలుచని ఆయిళ్లు వ్యాపించుటకు ఆ శాసనము బలమైన కారణమనుట యథార్థము. కాని ఆ యథార్థమునుండి, నిర్మాత తన ఇంజనును నాశనము చేసికొనుటకు సిద్ధపడెనను నిగమనము రాదు. అతి పలుచనైన 0డబ్ల్యు-20 తరగతికి 508 00, 509 00 ఆమోదములనిచ్చిన ఫోక్స్‌వాగన్ సంస్థయే దానిని 504 00, 507 00 కొఱకు నిర్మింపబడిన పూర్వపు ఇంజనులలో పోయరాదని నిషేధించుచున్నది. బీఎండబ్ల్యూ తన ఈ46 ఎం3 కారునకు 10డబ్ల్యు-60 అను మిక్కిలి చిక్కని ఆయిలును విధించినది. చిక్కనిది కావలసిన చోట నిర్మాత చిక్కనిదే విధించును, పలుచనిది తగని చోట పలుచనిదానిని వలదనును. బేరింగుల సందు, పంపు శక్తి, గొట్టముల వెడల్పు తెలిసినవాడతడు. వేల గంటలు ఇంజనును పరీక్షశాలలో నడపినవాడతడు. అతని నిర్ణయమును ఊహచే కొట్టివేయుట వివేకము కాదు.

టర్బోలు నిజముగా దేనివలన చెడుచున్నవో చూపు ప్రసిద్ధోదాహరణము ఒకటి కలదు. ప్యూజో-సిట్రోయెన్, ఫోర్డు సంస్థలు కలిసి తయారుచేసిన 1.6 లీటర్ల డీజిలు ఇంజను, ఫోర్డు ఫోకస్, ప్యూజో 308 మొదలుకొని వోల్వో, మాజ్దా కార్ల వఱకు అమర్చబడి, ఉద్గారము తక్కువగుటచే ఐర్లండు పన్నుల విధానమునకు సరిగా నప్పి అచట విరివిగా అమ్ముడుపోయెను. ఆ ఇంజనులో టర్బోలు చెడుట మెకానిక్కులందఱు ఎఱిగినదే. ఇంజెక్టర్ల క్రింది రాగి వాషర్లు కారి మసి ఆయిలులో చేరుట, ఆయిలు మార్పు ఆలస్యమగుట, ఆ మసి గడ్డకట్టి టర్బోకు ఆయిలు తెచ్చు గొట్టపు బోల్టులోని చిన్న జాలిని మూయుట, ఆయిలందక ఇరుసు పట్టివేయుట, ఇదియే క్రమము. గొట్టమును, చాంబరును శుభ్రపఱచక క్రొత్త టర్బోను బిగించినచో అదియు కొలదికాలమునకే చెడెడిది. ఆ టర్బోను చంపినది మసి, ఆలస్యము, ప్రవాహలోపము. అట్టి మూసికొనుచున్న జాలిగుండ మఱింత చిక్కని ఆయిలును పంప జూచువాడు రోగమునకు మందనుకొని విషము నిచ్చుచున్నాడు.

ఈ యుదాహరణము మఱియొక ప్రచలితాభిప్రాయమును సైతము ఖండించుచున్నది. "మంచి సింథటిక్ ఆయిలు పోయించితిమి, రెండేండ్లు చూడనక్కఱలేదు" అను ధీమా అది. ఫోక్స్‌వాగన్ లాంగ్‌లైఫ్ పద్ధతిలో ఆయిలు మార్పునకు 30,000 కిలోమీటర్లు లేక రెండు సంవత్సరములు గరిష్ఠపు హద్దు. అది హైవేపై నిలకడగా సాగు కారునకు తగినది. లూకన్ నుండి బడికి, బడినుండి రైలుస్టేషనుకు మూడు నాలుగు కిలోమీటర్లు నడచి చల్లబడు కారులో ఆయిలు పూర్తిగా వేడెక్కదు. అందు చేరిన నీరు, ఇంధనము ఆవిరి కావు. డీపీఎఫ్ తనను తాను కాల్చుకొనుటకు అదనముగా చిమ్మిన డీజిలు, ఆ పని నడుమ నాగిపోయినప్పుడెల్ల సిలిండరు గోడలవెంట జారి ఆయిలులో కలియును. డిప్‌స్టిక్కుపై మట్టము తగ్గుటకు మాఱుగా పెరుగును. మాజ్దా 2.2 లీటర్ల డీజిలు కార్ల డిప్‌స్టిక్కుపై నిండుగుర్తుకు పైన వేఱొక హెచ్చరిక గుర్తును చెక్కినది ఇందుకే. పెరిగిన మట్టమును చూచి ఇంజను ఆరోగ్యముగా నున్నదని తలంచుట ప్రమాదము.

పాతబడి ఆయిలు త్రాగుచున్న ఇంజను సంగతి యేమని అడుగుదురు. హ్యాండుబుక్కు పట్టికలో ఒకటికంటె ఎక్కువ రకములు అనుమతింపబడి, వానిలో 5డబ్ల్యు-40 సైతము ఉండి, ఆమోదసంఖ్య సరిపోయినచో, అరిగిన ఇంజనునకు దానిని ఎన్నుకొనుట తప్పు కాదు. ఆ మేరకు చిక్కదనవాదులతో నాకు విరోధము లేదు. కాని ఆయిలు ఎచటికి పోవుచున్నదో, టర్బో సీలుగుండనా, బ్రీదరు గొట్టముగుండనా, పిస్టను రింగులగుండనా యని వెదకక చిక్కనిదానిని పోయుట వ్యాధిని వదలి లక్షణమును కప్పిపుచ్చుటయే. ఐర్లండులో నాలుగేండ్లు నిండిన కార్లకు ఎన్‌సీటీ అను వాహనయోగ్యత తనిఖీ తప్పదు, పదేండ్లు దాటినవానికి అది ఏటేటను జరుగును. కప్పిపుచ్చిన పొగ అచట బయటపడుట తథ్యము.

కావున పాఠకులకు నా మనవి యిది. కారు హ్యాండుబుక్కు తెరచి, ఆయిలు పుటలో చిక్కదనపు సంఖ్యతోపాటు వ్రాసియున్న నిర్మాత ఆమోదసంఖ్యను, అది 507 00 కానిండు, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 కానిండు, మెర్సిడెస్ 229.51 కానిండు, ఒక కాగితముపై వ్రాసికొనుడు. డబ్బా వెనుక ఆ సంఖ్యకు ఆమోదము పొందినట్లు స్పష్టముగా నున్నదో, ఆ కార్లకు తగినదని వర్తకుడు తనంత తాను చెప్పుకొన్నాడో పరికించుడు, మొదటిదానినే కొనుడు. కారును డీలరు వద్దనే సర్వీసు చేయించనక్కఱలేదు; 2010 నాటి ఐరోపా నిబంధనల ననుసరించి, నిర్మాత ప్రమాణమునకు సరిపడు ఆయిలు, విడిభాగములు వాడినంతవఱకు బయటి గ్యారేజీలో చేయించిన సర్వీసు మాత్రముచేత వారంటీ పోదు. ఏ గ్యారేజీ యైనను ఆ సంఖ్యను మెకానిక్కునకు మీరే చెప్పి, బిల్లుపై వ్రాయించుడు. ఊరిలోనే తిరుగు కారైనచో సంవత్సరమునకొకమాఱు గాని, 10,000 కిలోమీటర్లకొకమాఱు గాని, ఏది ముందైన అప్పుడు, ఆయిలును ఫిల్టరును కలిపి మార్పించుడు. నెలకొకమాఱు డిప్‌స్టిక్కును తీసి చూడుడు. చల్లని ఉదయమున మొదటి కొన్ని కిలోమీటర్లు మృదువుగా నడపుడు. మోటార్‌వేపై వేగముగా వచ్చిన వెంటనే ఇంజనును ఆపక ఒకటి రెండు నిమిషములు నడువనిండు. దించిన పాత ఆయిలును కాలువలో పోయక కౌంటీ రీసైక్లింగు కేంద్రమునకు చేర్పుడు. క్రొత్తగా వచ్చిన తమ్మునికి, చెల్లెలికి సలహా చెప్పవలసినప్పుడు "చిక్కటిది పోయించు" అనుట మాని "పుస్తకంలో ఏ నంబరు ఉందో అది పోయించు" అని చెప్పుడు. టర్బోను కాపాడునది తగిన ఆయిలు, తగిన కాలమున మార్చిన ఆయిలు. చిక్కదనము ఆ రెంటిలో ఏ ఒక్కదానికిని బదులు కాజాలదు.